నార్తర్న్ లైట్స్ టూర్: నాకు అడ్డం వచ్చింది మబ్బులే

నార్తర్న్ లైట్స్, అంటే ఉత్తర ధ్రువం వైపు రాత్రి ఆకాశంలో కనబడే రంగు వెలుగులు, చూడాలని ఫిబ్రవరిలో నార్వే వెళ్ళాను, అక్కడ ఉత్తరాన ఉన్న ట్రోమ్సో అనే ఊళ్ళో నాలుగు రాత్రులు. వెళ్ళే ముందు నా ధ్యాసంతా కేపీ నంబర్ మీదే, అంటే భూమి అయస్కాంత క్షేత్రం ఎంత అలజడిగా ఉందో చెప్పే అంకె. 0 నుంచి 9 దాకా ఉండే ఆ అంకె ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుని, రోజూ యాప్ తెరిచి చూసుకుని టెన్షన్ పడేవాణ్ణి. తీరా వెళ్ళాక తెలిసిందేంటంటే, ట్రోమ్సో ఆర్కిటిక్ వలయానికి సుమారు 350 కిలోమీటర్లు ఉత్తరాన, ఆ వెలుగులు తరచుగా వచ్చే పట్టీ కిందే ఉంది కాబట్టి అక్కడ కేపీ 2 ఉన్నా చాలు. కావాల్సింది మబ్బు లేని ఆకాశం.

మొదటి రాత్రి చవకని పెద్ద బస్సు టూర్ ఎక్కాను. ఊరికి గంట దూరంలో ఒకచోట దింపి, మంట వేసి, నాలుగు గంటలు నిలబెట్టారు. పైన మబ్బు, దాన్లోంచి మంచు, అంతే. డబ్బులు వెనక్కిస్తారా అని అడిగితే, వెలుగులు కనబడతాయని హామీ లేదని బుకింగ్‌లోనే రాసి ఉందన్నారు. నిజమే, నేనే చదవలేదు.

రెండో రాత్రికి ఇంచుమించు రెట్టింపు పెట్టి మినీబస్ టూర్ తీసుకున్నాను. ఈసారి బుక్ చేసే ముందు ఒకే ప్రశ్న అడిగా: మబ్బు పడితే ఎంత దూరమైనా తీసుకెళ్తారా? ఎక్కేటప్పుడు గైడ్ అందరినీ పాస్‌పోర్ట్ ఉందా అని అడిగాడు, అవసరమైతే ఫిన్లాండ్ దాకా వెళ్తామని. సముద్రం మీంచి వచ్చే మబ్బులు చాలావరకు తీరం దగ్గరి కొండల మీదే కురిసేస్తాయట, అందుకే కొండల వెనక ఉన్న స్కీబోట్న్ లోయ పొడిగా ఉంటుంది. మధ్యలో ఆగి ఉపగ్రహ చిత్రం చూసుకుని, ఇక్కడ కూడా లాభం లేదు, పదండి అంటూ సరిహద్దు దాటించి కిల్పిస్‌యార్వి వైపు తీసుకెళ్ళాడు. మొత్తం 150 కిలోమీటర్ల పైనే. బస్సు దిగి తల ఎత్తితే నిండా చుక్కలు!

చలి మైనస్ 20. వాళ్ళిచ్చిన మందపాటి సూట్, బూట్లు వేసుకున్నా కాలివేళ్ళు మాత్రం నావి కానట్టే ఉన్నాయి. 60 శాతం ఛార్జింగ్ ఉన్న ఫోన్ చేతిలోనే ఆరిపోయింది (లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోవాలట, ఆ మాట తర్వాత చెప్పారు). ఎదురుచూస్తుంటే గైడ్ బిర్కెలాండ్ గురించి చెప్పాడు. సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాలను భూమి అయస్కాంత క్షేత్రం ధ్రువాల వైపు మళ్ళించడం వల్లే ఈ వెలుగులని వందేళ్ళ కిందటే చెప్పిన నార్వే శాస్త్రవేత్త. వాళ్ళ పాత 200 క్రోనర్ల నోటు మీద ఆయన బొమ్మే ఉండేది.

కాసేపటికి ఉత్తరాన బూడిదరంగులో పలచని మబ్బు తునక లాంటిది కనబడింది. "అదే" అన్నాడు గైడ్. ఇదా! ఇంత దూరం వచ్చింది దీనికా అని నిజంగానే ఏడుపొచ్చింది. అతను ట్రైపాడ్ మీదున్న కెమెరా షట్టర్ ఎనిమిది సెకన్లు తెరిచి ఉంచి ఫోటో తీసి చూపిస్తే ఆకుపచ్చగా ఉంది. మసక వెలుగులో మన కళ్ళు రంగుల్ని సరిగా పట్టుకోలేవట. ఫోటోలు చూసి వెళ్ళేవాళ్ళకి ఈ ముక్క ఎవరూ ముందు చెప్పరెందుకో.

అరగంట తర్వాత మాత్రం ఆ తునక ఉన్నట్టుండి సాగి, మా నెత్తిమీదికి వచ్చి, గాలికి తెర కదిలినట్టు కదలడం మొదలెట్టింది. ఈసారి కెమెరా అక్కర్లేదు, కంటికే ఆకుపచ్చ, కింది అంచున గులాబీ రంగు. పచ్చదనం వంద కిలోమీటర్ల పైనున్న ఆక్సిజన్‌దీ, ఆ అంచు నైట్రోజన్‌దీ అని గైడ్ చెబుతూనే ఉన్నాడు గానీ వినే స్థితిలో ఎవరూ లేరు. పది నిమిషాలుందేమో. నా దగ్గర ఒక్క ఫోటో లేదు, ఫోన్ చచ్చిపోయింది కదా.

తిరిగి ఊళ్ళోకి వచ్చేసరికి తెల్లవారుజామున మూడు దాటింది. ట్రోమ్సో మీద అప్పటికీ మబ్బే, సన్నగా మంచు పడుతూనే ఉంది.