కాగితం మడవకుండా గీసిన తోరణం

రొకోకో (పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పుట్టిన అలంకరణ శైలి) అనగానే బంగారుపూత అద్దాల ఫ్రేములు, రాజుల సోఫాలు గుర్తొస్తాయి చాలామందికి. నాకు వాటికంటే ఇష్టం 1730ల్లో పారిస్‌లో నగిషీ పనివాళ్ల కోసం గీసిన డ్రాయింగులు.

మాది నరసాపురం, గుళ్లకి వెండి మకరతోరణాలు చేసే ఇల్లు, అందుకే ఏ డిజైన్ చూసినా ముందు మధ్య గీత కోసం వెతుకుతాను. మేం తోరణం సగమే గీసి, కాగితం మడిచి రెండో సగం ఎత్తేస్తాం, కుడి మకరం ఎడమ మకరానికి అద్దంలో బొమ్మలా వచ్చేస్తుంది. ఆ పారిస్ డిజైనర్లు మాత్రం ఆ గీతకి అటొకటి, ఇటొకటి గీస్తారు. కొన్నిసార్లు అవి గిరాకీకి చూపించే రెండు నమూనాలు, ఏది నచ్చితే అది చేయించుకోవచ్చు. మెసోనియే దగ్గర మాత్రం ఆ తేడానే డిజైన్. 1695లో ట్యూరిన్‌లో పుట్టిన కంసాలి ఈయన, 1726 నుంచి ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ కొలువులో డిజైనర్.

ఫ్రెంచ్ చిత్రకారుడు బూషే 1736 ప్రాంతంలో వేసిన ఫౌంటెన్ల డిజైన్లు కూడా చూడండి. వాటిలో ట్రైటన్లు కనిపిస్తారు. ట్రైటన్ అంటే రోమన్ల సముద్ర దేవుడు నెప్ట్యూన్ కొడుకు, నడుము పైన మనిషి, కింద చేప, చేతిలో శంఖం. ఈ తరహా గీతల్లో తోక ఎక్కడ అయిపోయి తీగ ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేం, ఆ తీగే ఆల్చిప్ప అంచవుతుంది, ఆ చిప్పే నీళ్లు పడే పళ్లెం అవుతుంది. అంతర్వేది ఒడ్డున అలలకి అరిగిన ఆల్చిప్పలు ఏరిన చేతికి ఆ అంచు కొత్త కాదు. కానీ విడదీసి చూస్తే ఎక్కువ భాగం ఇంగ్లీషు సి, ఎస్ ఆకారాలే, ఒక సి వీపుకి ఇంకో సి ఆనించి, సందులో ఎస్ నిలబెట్టి. ఎడమవైపు కింద పెద్ద చిప్ప ఉంటే కుడివైపు పైకి సన్నటి కొమ్మ లేస్తుంది. కొలతలు వేరు, బరువు సమానం. ఇది పక్కా లెక్క.

1754లో కొషెన్ అనే చిత్రకారుడు ఒక పత్రికలో కంసాలులకి విన్నపం అంటూ ఈ పద్ధతిని దుమ్మెత్తిపోశాడు. కొవ్వొత్తి స్టాండు కాడ నిటారుగా ఉండాలట, గిన్నె మూత మీద అసలు సైజు కూరగాయ పక్కన వేలెడంత కుందేలు పెట్టకూడదట. కుందేలు విషయంలో ఆయనదే రైటు. వంపుల విషయంలో మాత్రం నేను మెసోనియే పక్షం.

గుడి తోరణానికి దాని శాస్త్రం దానికుంది, దాని జోలికి పోను. పెళ్లికిచ్చే వెండి పళ్లెం అంచుకి మాత్రం మడత అక్కర్లేదు. ఎడమ సగం అయ్యాక కుడివైపు ఉత్త చేత్తో గీయమని మా కుర్రాళ్లకి చెబుతున్నాను. మొదట్లో బరువంతా ఒక పక్కకే ఒరిగిపోతుంది, సి ఎక్కడ తిరుగుతోందో చూసుకుంటూ గీస్తే నిలబడుతుంది.