కొట్టూరుపురంలో ఒక గొలుసుకట్టు జాబు

కడపలో రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి చెన్నై సెంట్రల్‌లో దిగిన నాకు, కొట్టూరుపురానికి ఆటో అతను నాలుగు వందలు అడగడంతో నగరం మీదే విసుగు పుట్టింది. బేరం వదిలేసి పార్క్ టౌన్‌కు నడిచి, పది రూపాయలకు మించని టికెట్టుతో లోకల్ రైలులో వెళ్లాను. ఉదయమంతా కోపం పోలేదు.

నేను వెళ్లినది అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి, బ్రౌన్ దొరకు వచ్చిన తెలుగు జాబులను కళ్లారా చూడడానికి. 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, సొంత డబ్బుతో పండితులకు, లేఖకులకు జీతాలిచ్చి, ఒక్కో కావ్యానికి ఎన్నో ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి పరిష్కరింపజేశాడు. ఆయన బంగళా ఉన్న చోటనే మా ఊరి బ్రౌన్ గ్రంథాలయం ఉంది. 1852లో వెలువడిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును అక్కడే ఎన్నోసార్లు తిరగేశాను. అయితే ఆ పనంతా నడిచింది ఉత్తరాల మీద. ఆ ఉత్తరాలు మాత్రం మద్రాసులో ఉండిపోయాయి. వాటిని వెతికి వెలుగులోకి తెచ్చిన పరిశోధకుడు బంగోరె (బండి గోపాలరెడ్డి) గారికి మనం ఎంతో రుణపడి ఉన్నాం.

సంపుటం నా ముందుకు వచ్చాక గుండె జారిపోయింది. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన నేను మొదటి పంక్తిని కూడా చదవలేకపోయాను. మాటకూ మాటకూ ఎడం లేదు, కలం ఎత్తకుండా అక్షరం నుండి అక్షరానికి పాకిపోయిన గొలుసుకట్టు రాత. తలకట్టు ఎక్కడ ముగిసిందో, తరువాతి అక్షరం ఎక్కడ మొదలైందో తెలియలేదు.

పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన నా అవస్థ చూసి దగ్గరకు వచ్చారు. "అది దరమాహా, నాయనా. నెల జీతం అని అర్థం. మా తాత తిరుత్తణి పక్కన కరణం. ఆయన లెక్కలన్నీ ఇట్లే ఉండేవి" అన్నారు. బడిలో చదువంతా తమిళంలో సాగినా, ఇంట్లో తాత చెంత కూర్చుని ఈ రాత పట్టుబడిందట. వేలు కాగితానికి తగలకుండా గాలిలో కదుపుతూ ఆయన చదువుతుంటే, నకళ్లు రాసిన పనికి రావలసిన జీతం సంగతి మెల్లగా విడిపోయింది. సంధులూ సమాసాలూ బిగించిన వ్యాఖ్యానాల భాష కాదది, మనుషులు ఎదురెదురుగా మాట్లాడుకునే తెలుగు. 1851లో బ్రౌన్ మనుచరిత్రను వ్యాఖ్యతో అచ్చు వేయించిన ఆ కాలంలోనే, జీతం అడగవలసి వచ్చినప్పుడు ఇంత మామూలు మాటలతో రాసుకున్నారన్నది నన్ను కదిలించింది. "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, రెండో వాక్యానికే గేదె ఈనిన సంగతికి దిగిపోయే మా అవ్వ కార్డులు గుర్తుకు వచ్చాయి.

మధ్యాహ్నం భోజనం మాట మరిచాను. వేళ ముగిసి బయటకు వచ్చాక, ఆయన నా నోటు పుస్తకం అడిగి తీసుకుని, కలం ఎత్తకుండా ఒకే గీతలో "కడప" అని రాసి ఇచ్చారు. తిరుగు రైలులో అరక్కోణం దాటేవరకు ఆ అక్షరాల మీదే వేలితో దిద్దుతూ కూర్చున్నాను.