కంసుడు, హేరోదు, ఒక చుక్క

డిసెంబరు వస్తే శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో ఓ పట్టిక తిరుగుతుంది. ఎడమ గడిలో కృష్ణుడు, కుడి గడిలో యేసు. ఇద్దరూ కన్యకు పుట్టారట, ఇద్దరి పుట్టినరోజూ డిసెంబరు 25 అట, ఇద్దరూ సిలువెక్కారట. "మా దగ్గర్నుంచే ఎత్తుకుపోయారు" అనేవాళ్లూ, "దేవుడొక్కడే కదా" అనేవాళ్లూ పంపేది ఆ పట్టికనే. ఈ సరుకు మనది కాదు. 1875లో అమెరికాలో కెర్సీ గ్రేవ్స్ ఇలాంటి పోలికలు గుదిగుచ్చి ఒక పుస్తకమే వేశాడు.

పట్టికను మొత్తంగా నమ్మొద్దు, మొత్తంగా కొట్టేయొద్దు. ఒక్కో వరస ఎదుట గ్రంథం, అధ్యాయం రాసుకుంటూ పోవాలి. ఇంట్లో పోతన భాగవతం ఉంటే కథ తెలుసుకోడానికి చాలు. కాలం తేల్చడానికి చాలదు, అది 15వ శతాబ్దానిది. వ్యాస భాగవతం దశమ స్కంధం చూడండి. దేవకికి కృష్ణుడు ఎనిమిదో కాన్పు. విష్ణువు ముందు వసుదేవుడి మనసులో చేరి, అక్కణ్ణుంచి దేవకిలోకి వచ్చాడని రెండో అధ్యాయంలో ఉందిగా అంటారు. ఉంది. అంటే మామూలు గర్భం కాదు, అంతవరకు నిజం. కన్య అన్న మాట మాత్రం లేదు. ఈ రెండింటినీ కలిపేయడం దగ్గరే ఎక్కువమంది జారతారు. పుట్టింది శ్రావణ బహుళ అష్టమి అని సంప్రదాయం. నిర్యాణం మహాభారతం మౌసల పర్వంలో: జర అనే బోయవాడి బాణం అరికాలికి తగిలింది. సిలువ ఊసే లేదు.

కుడి గడిని ఎవరూ పరీక్షించరు, అదే తమాషా. నాలుగు సువార్తల్లో యేసు పుట్టుక కథ మత్తయి, లూకాల్లోనే ఉంది. తేదీ ఎక్కడా లేదు. డిసెంబరు 25 కనిపించేది 4వ శతాబ్దపు రోమ్ రాతల్లో.

ఇక పేర్లు. కృష్ణ అంటే నల్లనివాడు. క్రీస్తు అన్నది గ్రీకు మాట, హీబ్రూ 'మెస్సీయ'కు అనువాదం, అర్థం అభిషిక్తుడు. తెలుగు లిపిలో పక్కపక్కన రాస్తే చుట్టాల్లా కనిపిస్తాయి, అంతే.

నిలబడే వరస ఒకటుంది: కంసుడు, హేరోదు. మత్తయి 2:16లో, యేసు పుట్టినప్పటి రాజు హేరోదు రెండేళ్లూ, అంతకు తక్కువా ఉన్న మగపిల్లలను చంపిస్తాడు. దశమ స్కంధం నాలుగో అధ్యాయంలో కంసుడి మంత్రులు పది రోజులు నిండినవాళ్లనూ నిండనివాళ్లనూ చంపుదామంటారు. పోలిక గట్టిదే. కానీ మగశిశువులను చంపించిన ఐగుప్తు రాజు ఫరో కథ యూదుల నిర్గమకాండంలో ఉంది, మత్తయికి అది సొంత గ్రంథం. పెరట్లో బావి ఉన్నవాడు వంశధార దాకా బిందె మోయడు. పైగా మనకు దొరికే వ్యాస భాగవతం సుమారు 9, 10 శతాబ్దాలదని ఎక్కువమంది పండితుల లెక్క. హరివంశం ఇంకా పాతది, దాన్నీ విడిగా చూడాలి. ప్రస్తుతానికి ఈ వరస ఎదుట "పోలిక ఉంది, అప్పు రుజువు కాలేదు" అని రాసుకోవచ్చు.

భవిష్య పురాణంలో శాలివాహనుడు ఈసాను, అంటే యేసును, కలిశాడని చూపిస్తారు. అది ఉన్న ప్రతిసర్గ పర్వంలోనే ఆదివారానికి 'సండే', ఫాల్గుణానికి 'ఫర్వరీ' అని శ్లోకం ఉంది. ఆ భాగానికి వయసెంతో ఇక మీరే చెప్పండి.

పట్టికలో ఎవరూ రాయని పోలిక ఒకటి నిజంగా రుజువైంది. ముసలితనం, రోగం, చావు కొడుకు కంటపడకుండా దాచిన రాజు కథ, అంటే బుద్ధుడి కథ, మనకు తెలిసిందే. అందులోని 'బోధిసత్త్వ' అరబ్బీకి వెళ్లి 'బూదాసఫ్' అయింది. ఆ లిపిలో మాట మొదట 'బ' కింద ఒక చుక్క, 'య' కింద రెండు. చుక్క తప్పి 'యూదాసఫ్' అయింది. జార్జియా భాషలో యోదాసఫ్, గ్రీకులో యోఆసఫ్, లాటిన్‌లో జోసఫాత్. చివరికి ఆ పేరుతో కతోలిక పునీతుల పట్టీలో చేరాడు, స్మరణ దినం నవంబరు 27. ఇక్కడ దారిలో ప్రతి మజిలీ దొరికింది, తప్పుతో సహా. అప్పు అనాలంటే ఈ మాత్రం ఉండాలి.

మన దగ్గరే చూడాలంటే శాలిహుండం ఉంది. అక్కడి బౌద్ధ శిథిలాల్లో మారీచి విగ్రహం దొరికింది. ఆమె వెలుగుల దేవత, బౌద్ధ శిల్పంలో ఆమె రథానికి మామూలుగా ఏడు పందులు. అరసవల్లి సూర్యనారాయణ స్వామికి ఏడు గుర్రాలు. ఇక్కడ సముద్రాలు దాటే దారి వెతకక్కర్లేదు, రెండూ ఒకే జిల్లావి. వెతకాల్సింది గుర్రాలు పందులు ఎందుకయ్యాయన్నది.