కోరల్‌తో పాటు వచ్చే పురుగులను పట్టుకోవడం: నా అనుభవం

ఉప్పునీటి అక్వేరియంలోకి కొత్త ఆక్రోపోరా (కొమ్మలుగా పెరిగే కోరల్) ఫ్రాగ్, అంటే పెంచడానికి కత్తిరించిన ముక్క, రాగానే రంగు సంగతి తర్వాత, ముందు దాన్ని తిరగేసి అడుగు చూస్తాను. టిష్యూ ఆగిపోయి తెల్లటి స్కెలిటన్ మొదలయ్యే చోట గోధుమ రంగు చుక్కలు గుంపుగా అంటుకుని ఉంటే అవి ఫ్లాట్‌వర్మ్ (కోరల్‌ను తినే చదునైన పురుగు) గుడ్లు. కొమ్మ మీద గుండ్రటి పాలిపోయిన మచ్చలుంటే తినడం మొదలైనట్టే.

డిప్‌కి, అంటే మందు నీళ్లలో కాసేపు ముంచడానికి, తెల్ల గిన్నె తప్పనిసరి. ముదురు రంగు గిన్నెలో రాలినవేవీ కనబడవు. రెండు లీటర్ల ట్యాంకు నీళ్లు తీసుకుని, అయోడిన్ డిప్ సీసా మీద రాసిన మోతాదులోనే కలుపుతాను. బాస్టర్‌తో (రబ్బరు బుడ్డి ఉన్న పెద్ద పిచికారీ గొట్టం) కొమ్మల సందుల్లోకి గట్టిగా నీళ్లు కొడితే పల్చటి పొలుసులు రాలతాయి. చూడగానే జిగురనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగండి. పొలుసు అంచు ముడుచుకుని మెల్లగా పాకిందంటే అది ఫ్లాట్‌వర్మే. కోరల్ రంగే దాని ఒంటికీ ఉంటుంది కాబట్టి కొమ్మ మీద ఉన్నంతసేపూ కంటికి ఆనదు. పని అయ్యాక ఫ్రాగ్‌ను మంచి ట్యాంకు నీళ్లలో కడగాలి, డిప్ నీళ్లు పారబోయాలి.

డిప్‌కి పురుగు చస్తుంది గానీ గుడ్డు చావదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. అందుకే పాత ప్లగ్‌ను (ఫ్రాగ్ అతికించి ఉండే చిన్న దిమ్మ) ఉంచను. టిష్యూ ఉన్న మేరకు కొమ్మను కత్తిరించి, సూపర్ గ్లూ జెల్‌తో కొత్త ప్లగ్ మీద అతికిస్తాను. పాత ప్లగ్ మీద ఐప్టేసియా (కలుపులా పెరిగే సీ అనిమోన్) ఉన్నా దాంతోనే పోతుంది. ఐప్టేసియాను గీకితే మాత్రం మిగిలిన చిన్న ముక్క నుంచి మళ్లీ మొలుస్తుంది.

మాంటిపోరా అనే మరో రకం కోరల్ అయితే నీడపడే అడుగు అంచు చూడాలి. అక్కడ తెల్లగా, ఈకల్లాంటి వీపుతో కొన్ని మిల్లీమీటర్ల న్యూడిబ్రాంక్ (గుల్ల లేని సముద్రపు నత్త) దాక్కుంటుంది. జోయాంథిడ్‌లను (గుంపుగా పెరిగే పువ్వుల్లాంటి మెత్తటి జీవులు) తినే న్యూడిబ్రాంక్ రకం వాటి రంగే పులుముకుంటుంది. కారణం లేకుండా రోజుల తరబడి పాలిప్‌లు (ఒక్కో పువ్వులాంటి జీవి) ముడుచుకునే ఉంటే దాన్ని అనుమానించండి. ఆక్రోపోరా మీద బతికే రెడ్ బగ్ అనే పురుగు అర మిల్లీమీటరే, పసుపు ఒంటి మీద ఎర్ర చుక్క. పంపు ఆపి భూతద్దంతో చూస్తేనే దొరుకుతుంది. దానికి మిల్బెమైసిన్ అనే మందు పనిచేస్తుంది, కానీ రొయ్యలు, పీతలు కూడా చస్తాయి కనుక మందు వేరే ట్యాంకులోనే వేయాలి.

బ్రిసిల్‌వర్మ్‌ను (ఒంటి పక్కల ముళ్లలాంటి వెంట్రుకలుండే పొడవాటి పురుగు) మాత్రం దయచేసి చంపకండి. చచ్చిన టిష్యూ తినడానికి వచ్చి నేరం తన మీద వేసుకుంటుంది, పాపం.

తర్వాత ఆరు వారాలు వేరే ట్యాంకులో క్వారంటైన్, వారానికో డిప్. మధ్యలో ఒక్క కొత్త మచ్చ కనబడినా లెక్క మళ్లీ మొదటి వారం నుంచే.