మైగ్రేన్ మాత్ర కాళ్ల మీదికొస్తే: నా అనుభవం

హైదరాబాద్ మే ఎండల్లో కూడా కాలి వేళ్లు చల్లగా, పాలిపోయి ఉంటున్నాయా? నడుస్తుంటే పిక్కలు పట్టేసి, నిలబడగానే తగ్గుతున్నాయా? నరాల బలహీనత అనుకుని బి12 మాత్రలతో కాలం గడపకండి. మైగ్రేన్ తలనొప్పికి ఏళ్ల తరబడి ఎర్గోటమైన్ అనే మందు వాడుతున్నవాళ్లు ముందు ఆ మాత్రనే అనుమానించాలి. నా విషయంలో తేలిందీ అదే.

స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు చదవండి. ఎర్గోటమైన్ 1 మి.గ్రా., కెఫీన్ 100 మి.గ్రా., వాటితో పారాసిటమాల్, వాంతుల మందు కలిపి అమ్ముతారు. ఎర్గోటమైన్ రక్తనాళాలను బిగిస్తుంది. ఆ బిగింపు తలతో ఆగదు, కాళ్ల ధమనుల దాకా పోతుంది. కెఫీన్ వల్ల ఆ మందు ఒంట్లోకి ఇంకా ఎక్కువగా చేరుతుంది. ఎర్గోటమైన్ రోజుకు 6, వారానికి 10 మి.గ్రా. దాటకూడదు. ఆ లెక్కలోనే ఉన్నా, గొంతునొప్పికి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ రాయించుకుంటే చాలు, ప్రమాదం ముంచుకొస్తుంది. కాలేయంలో ఎర్గోటమైన్‌ను కరిగించే ఎంజైమును అది అడ్డుకుంటుంది, మందు రక్తంలో పేరుకుపోతుంది. ఎరిత్రోమైసిన్ (యాంటీబయోటిక్), ఇట్రాకొనజోల్ (ఫంగస్ మందు), రిటోనవిర్‌తోనూ (హెచ్‌ఐవీ మందు) ఇదే గొడవ. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా స్ట్రిప్పు బల్ల మీద పెట్టండి.

న్యూరాలజీ, వాస్క్యులర్ సర్జరీ (రక్తనాళాల శస్త్రచికిత్స) రెండూ ఉన్న చోటికి వెళ్లడం మేలు. పంజాగుట్ట నిమ్స్‌లో రెండూ ఉన్నాయి. ముందు పాదం పైన, చీలమండ లోపలి వైపు నాడి చూస్తారు. పాదం పైన నాడి కొందరికి మామూలుగానే అందదు, అందుకే రెండు చోట్లా చూడాలి. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కంటే తక్కువొచ్చిందంటే రక్తం సరిగా అందట్లేదన్నమాట. ఆ తర్వాత డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్), కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూసి సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్). కొవ్వు పేరుకున్న ధమని గతుకులుగా కనిపిస్తుంది. నా స్కాన్‌లో మాత్రం రెండు కాళ్లలోనూ నున్నగా, జడకొసలా సన్నబడుతూ పోయింది, అంటే కొవ్వు కాదు, బిగింపు.

మాత్ర పూర్తిగా మానడమే అసలు వైద్యం. సిగరెట్, ఇరానీ చాయ్ కూడా బంద్. నాళాలు వదులయ్యేందుకు నిఫెడిపిన్, గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. తీవ్రంగా ఉంటే ఐసీయూలో నాళాలను వదులు చేసే నైట్రోప్రుసైడ్ ఎక్కిస్తారు. వేళ్లు నీలంగానో నల్లగానో మారితే రాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే. వేడినీళ్ల కాపడం మాత్రం పెట్టకండి, స్పర్శ తెలియని చర్మం కాలిపోతుంది.

మానగానే తలనొప్పి తిరగబడుతుంది, సాధారణంగా 2 నుంచి 10 రోజులు. చాలామంది మళ్లీ మాత్ర వేసేసుకునేది ఇక్కడే. ఆ రోజులకు ఏం వాడాలో ముందే రాయించుకోండి. మరో మైగ్రేన్ మందు సుమాట్రిప్టాన్ వద్దు, అదీ నాళాలను బిగించేదే. మైగ్రేన్ రాకుండా ఇచ్చే ప్రొప్రనొలాల్ కాళ్ల చల్లదనాన్ని పెంచొచ్చు. దాని బదులు అమిట్రిప్టిలిన్, టోపిరమేట్ కుదురుతాయేమో న్యూరాలజిస్టును అడగండి.