కుడి స్టీరింగ్ కారు

మొత్తానికి జపాన్ నుంచి అమెరికాకి తెప్పించుకున్న నా నిస్సాన్ స్కైలైన్ కారుకి నంబర్ ప్లేట్ వచ్చింది! 1999 ఆగస్టులో తయారైన ఆర్34 మోడల్ ఇది. పాతికేళ్లు నిండితే తప్ప అమెరికాలో ఇలాంటి కారుకి భద్రతా నిబంధనల నుంచి మినహాయింపు రాదు. అదీ తయారైన నెల నుంచి లెక్క. కాలుష్య నియమాలకైతే, ఒరిజినల్ ఇంజిన్ ఉంటే 21 ఏళ్లు చాలు.

టకోమా పోర్టులో కస్టమ్స్ పని సాఫీగానే అయింది. అసలు టెన్షన్ రిజిస్ట్రేషన్ దగ్గర. జపాన్ ఛాసిస్ నంబర్‌లో అమెరికా కార్లకున్నట్టు 17 అక్షరాలూ అంకెలూ ఉండవు, కౌంటర్‌లో ఆవిడ కంప్యూటర్ ఒప్పుకోదు! జపాన్ ఎగుమతి పత్రం, దాని ఇంగ్లిష్ అనువాదం, కస్టమ్స్ కాగితాలు పట్టుకుని మూడుసార్లు తిరిగాను.

వీడియో కాల్‌లో చూసి నాన్న, "స్టీరింగ్ మన వైపే ఉందిగా, ఇంకేం?" అన్నారు. కారు దిగకుండా కొనుక్కునే డ్రైవ్‌త్రూలో కిటికీ ఎడమవైపు ఉంటుంది కాబట్టి, కాఫీ అందుకోవాలంటే మాత్రం పక్క సీట్లోకి పాకాల్సి వస్తోంది.