ఆ ఒక్క నిమిషం ఎవరిది?

నా స్నేహితురాలికీ నాకూ సినిమాలు, అనిమే అనే జపాన్ యానిమేషన్, వీడియో గేముల గురించి మాట్లాడుకునే అలవాటు చాలాకాలంగా ఉంది. మా మాటలు ఎక్కడ మొదలైనా చివరకు ఒకే చోటికి చేరుతున్నాయని ఈ మధ్య గమనించాను. కథ బాగుందా, పాత్రలు నిలబడ్డాయా అన్న విషయాల మీద మాకు పెద్దగా పేచీ రాదు. తెర మీద ఏమీ జరగనట్టు కనిపించే ఘడియలే మా ఇద్దరికీ ప్రాణం. అయితే ఆ సమయం ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర మా దారులు వేరవుతాయి. దర్శకుడు నిర్ణయించినంతసేపు, అతడు చూపించిన వైపే చూస్తూ కూర్చోవడంలో నాకు గొప్ప తృప్తి ఉంది. ఆమెకు మాత్రం ఆగడమూ సాగడమూ తన ఇష్టానికి వదిలేసినప్పుడే, అంటే కంట్రోలర్ తన చేతిలో ఉన్నప్పుడే, ఆ సమయానికి బరువు వస్తుంది.

నా వాదనకు ఆధారంగా నేను ఎప్పుడూ ముందు పెట్టేది సత్యజిత్ రాయ్ 1955లో తీసిన ‘పథేర్ పాంచాలి’. సంపాదన కోసం వెళ్లిన హరిహర్ చాలాకాలానికి ఇల్లు చేరి, కూతురు దుర్గ చనిపోయిన సంగతి తెలియక, తెచ్చిన వస్తువులను ఒక్కొక్కటిగా భార్యకు చూపిస్తూ, దుర్గ కోసం కొన్న చీరను కూడా ఆమె చేతిలో పెడతాడు. అంతవరకూ బిగబట్టుకుని ఉన్న సర్వజయ అక్కడ కూలిపోతుంది. ఆమె నోరు తెరుచుకుంటుంది గాని ఏడుపు మనకు వినిపించదు, దాని స్థానంలో తార్ షెహనాయి పైస్థాయిలో మోగుతుంది. రవిశంకర్ సంగీతం అందించిన ఆ చిత్రంలో ఆ వాద్యం వినిపించే కొద్ది క్షణాలను తగ్గించే అధికారం గాని, పొడిగించే అధికారం గాని ప్రేక్షకుడికి లేదు. ఆ తరువాత, కుటుంబం ఊరు విడిచి వెళ్లడానికి సామాను సర్దుకుంటున్నప్పుడు, దుర్గ ఎప్పుడో దొంగిలించి దాచిన దండ తమ్ముడు అపు కంటపడుతుంది. ఆ పిల్లవాడు ఎవరికీ చెప్పకుండా దాన్ని తీసుకెళ్లి చెరువులోకి విసిరేస్తాడు. నీటిమీది నాచు విడిపోయి, మళ్లీ మెల్లగా దగ్గరకు చేరుతుంది. అక్క పరువును తమ్ముడు ఎలా కాపాడాడో చెప్పడానికి ఒక్క మాట కూడా లేదు. నాచు కమ్ముకునేంతసేపు కెమెరా అక్కడే ఉంటుంది, మనమూ అక్కడే ఉంటాం. అలా ఉండక తప్పకపోవడమే సినిమా మనకు చేసే మేలు అని నా నమ్మకం.

ఇసావో తకహాతా 1988లో తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ ఈ నమ్మకాన్ని ఇంకా గట్టిపరచింది. యుద్ధకాలపు జపాన్‌లోని సెయిటా అనే కుర్రవాడు 1945 సెప్టెంబర్ 21న చనిపోయాడని చిత్రం మొదట్లోనే అతడి గొంతుతోనే తెలుస్తుంది. ఇక తరువాత అన్నాచెల్లెళ్లు నవ్వినా, మిణుగురులను పట్టుకుని చీకటి గుహలో వదిలినా, చిన్నారి సెత్సుకో తన డబ్బాలోని చివరి ఫ్రూట్ డ్రాప్స్ కోసం తడుముకున్నా, జరగబోయేది మనకు ముందే తెలుసు. తెలిసీ ఏమీ చేయలేం. ఇదే ఏడాది, ఇదే జిబ్లీ స్టూడియో నుంచి వచ్చిన హయావో మియాజాకీ చిత్రం ‘మై నైబర్ టొటోరో’తో కలిపి ఒకే టికెట్టు మీద దీన్ని థియేటర్లలో వేశారన్నది నన్ను ఇప్పటికీ కలవరపరిచే విషయం. వానలో బస్సు కోసం ఎదురుచూసే అక్కాచెల్లెళ్ల పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డ టొటోరో అనే బొద్దు అడవి ప్రాణిని చూసి మురిసిన పిల్లలే, అదే పూట సెత్సుకోనూ చూసి ఉంటారు.

ఇదంతా విని నా స్నేహితురాలు ఒకే మాట అంది: “నువ్వు చూసి బాధపడ్డావు. నేను చేసి బాధపడ్డాను.” ఆమె చెబుతున్నది 2005లో వచ్చిన ‘షాడో ఆఫ్ ది కొలోసస్’ గురించి. ఫుమితో ఉయెదా దర్శకత్వంలో తయారైన ఆ గేములో చనిపోయిన ఒక అమ్మాయిని బతికించుకోవడానికి ఒక యువకుడు గుర్రమెక్కి నిషిద్ధమైన ప్రదేశానికి వస్తాడు. అక్కడ తిరుగుతున్న పదహారు మహాకాయాలను చంపితే ఆమె తిరిగి రావచ్చునని ఒక అదృశ్య స్వరం చెబుతుంది. దారిలో చిల్లర శత్రువులు ఉండరు, ఏరుకోవలసిన నిధులు ఉండవు. విశాలమైన నేల, గాలి, గుర్రపు డెక్కల చప్పుడు మాత్రమే ఉంటాయి. మహాకాయం ఒంటి మీది బొచ్చును పట్టుకుని వేలాడాలంటే ఒక బటన్‌ను నొక్కి పట్టుకునే ఉండాలి, వదిలితే పడిపోతాం. పట్టు సడలుతున్నకొద్దీ తెర మీద ఒక చిన్న వలయం తరిగిపోతూ ఉంటుంది, దానితోపాటు ఆడేవారి వేలు కూడా నిజంగానే నొప్పెడుతుంది. ఇంత కష్టపడి ఆ ప్రాణిని కూల్చాక వినిపించేది విజయ సంగీతం కాదు, శోకగీతం. నేను మెచ్చుకునేది ఆ నిర్ణయాన్నే. ఎందుకంటే ఆటగాడు ఏమనుకోవాలో మాటలతో చెప్పకుండానే, అతడు గెలిచిన క్షణంలోనే ఆ గెలుపు మీద సందేహాన్ని పుట్టించడం మామూలు సాహసం కాదు.

ఆ పదహారింటిలో పదమూడవది ఎడారి ఇసుకలోంచి లేచి ఆకాశంలో ఈదుతున్నట్టు ఎగిరే పొడవాటి ప్రాణి. అది తనంతట తాను మన మీద దాడి చేయదు. దాని పొట్ట కింద గాలి నిండిన తిత్తుల్ని బాణాలతో కొడితే, కిందికి దిగి రెక్కలను ఇసుక మీద ఈడ్చుకుంటూ పోతుంది, అప్పుడు గుర్రాన్ని దౌడు తీయించి ఆ రెక్క మీదికి దూకాలి. నా స్నేహితురాలు ఆ ఘట్టం ఆడుతుంటే నేను పక్కన కూర్చుని చూశాను. ఆమె విల్లు ఎక్కుపెట్టి, దించేసి, ఆ ప్రాణి నీడ వెంట గుర్రాన్ని చాలాసేపు నడిపించింది. గేము ఆమెను తొందరపెట్టలేదు. చూస్తున్న నాకు అది ఒక సుదీర్ఘమైన షాట్, అయితే ఆ షాట్‌ను ఉంచినది దర్శకుడు కాదు. చివరికి బాణం వేశాక ఆమె అంది: “వెయ్యకపోతే కథ ముందుకు పోదని తెలుసు. అయినా వేసింది నేనే కదా.” ఆడేవారికి ఎక్కువ దారులు ఇవ్వడమే గేము గొప్పతనమని చాలామంది అంటారు. ఇక్కడ ఉన్నది ఒకే దారి, ఆ దారిలో అడుగు వేయడానికి ఎంతసేపు తటపటాయిస్తామన్నది మాత్రమే మన చేతిలో ఉంది. ఆ కాస్త స్వేచ్ఛే అంత పనిచేయగలదని ఆమె ఆట చూసేవరకు నాకు అనుభవంలోకి రాలేదు.

అయినా నాకు ఒక అభ్యంతరం మిగిలే ఉంది. ఆ తటపటాయింపు ఆమెది, మరొకరు ఎడారిలో అడుగుపెట్టగానే బాణం వేసి ముందుకు పోవచ్చు. వారికి ఆ ఘడియ ఎప్పటికీ దక్కదు. సర్వజయ దుఃఖం అలా కాదు, ఆ తార్ షెహనాయి అందరికీ ఒకే చోట, ఒకే నిడివిలో వినిపిస్తుంది. కనుకనే ఎన్నడూ కలవని ఇద్దరు మనుషులు దాని గురించి మాట్లాడుకుంటే ఇద్దరి మనసులోనూ ఉన్నది ఒకటే. దీనికి ఆమె జవాబు కూడా బలమైనదే. “సినిమా చూసిన ఇద్దరు ‘నీకు ఏమనిపించింది?’ అని ఒకరినొకరు అడుగుతారు. గేము ఆడిన ఇద్దరు ‘అక్కడ నువ్వేం చేశావు?’ అని ఒకరినొకరు అడుగుతారు.” ఆ రెండో ప్రశ్నకు అబద్ధం చెప్పడం కష్టమని ఆమె ఉద్దేశం.

అనిమే మా ఇద్దరి మధ్య విచిత్రమైన చోట నిలబడుతుంది. అక్కడి నిశ్చలత మొదట పొదుపు కోసం పుట్టింది. ఒసాము తెజుకా 1963లో ‘ఆస్ట్రో బాయ్’ని వారం వారం టీవీకి ఇవ్వవలసి వచ్చినప్పుడు, సెకనుకు 24 ఫ్రేములకూ కొత్త బొమ్మలు గీయడం అసాధ్యమై, ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేముల పాటు ఉంచడం, కదలని బొమ్మ మీద కెమెరాను జరపడం, గీసిన బొమ్మలను దాచుకుని మళ్లీ వాడుకోవడం వంటి ఉపాయాలు ఆ పరిశ్రమలో స్థిరపడ్డాయి. లోటును కప్పిపుచ్చడానికి మొదలైన ఆ పద్ధతులు తరువాతి తరం చేతిలో భాషగా మారాయి. 1995లో మొదలైన హిదెయాకి అన్నో సిరీస్ ‘నియాన్ జెనెసిస్ ఎవాంజెలియన్’లోని 24వ ఎపిసోడ్ అందుకు పరాకాష్ఠ. షింజి అనే కుర్రవాడు నడిపే మహాయంత్రపు పిడికిలిలో అతడికి ఆప్తుడైన కావోరు ఉంటాడు. షింజి అతడిని చంపాలి, లేదా లోకం నాశనం కావాలి. తెర మీద ఒకే బొమ్మ దాదాపు ఒక నిమిషం పాటు కదలకుండా నిలిచిపోతుంది, వెనుక బీథోవెన్ తొమ్మిదవ సింఫనీ సాగుతూ ఉంటుంది. సంగీతం తెగేసరికి నిర్ణయం అమలైపోయి ఉంటుంది.

ఈ నిమిషం గురించి మేము వాదించుకున్నంతగా మరి దేని గురించీ వాదించుకోలేదు. అది గేములో ఉండి ఉంటే బటన్ తన చేతిలో ఉండేదనీ, షింజి బరువు అప్పుడే పూర్తిగా తెలిసేదనీ ఆమె అంటుంది. నేను ఒప్పుకోను. బటన్ నా చేతిలో ఉంటే నేను నా నిర్ణయం గురించి ఆలోచిస్తాను, బొమ్మ నిశ్చలంగా ఉన్నప్పుడు షింజి గురించి ఆలోచిస్తాను. అతడు ఏం చేస్తున్నాడో, ఎందుకు ఆగాడో తెలియక, ముఖం కూడా కనిపించక, ఆ పిడికిలినే చూస్తూ ఉండటం వల్లనే మరొకరి మనసు తలుపు బయట నిలబడ్డ అనుభవం కలుగుతుంది. ఇతరుల బాధ ముందు మనం ఉండే చోటు నిజంగా అదే.

‘షాడో ఆఫ్ ది కొలోసస్’ ముగింపు తెలుసుకోకుండా ఆడదలచినవారు ఈ పేరా దాటవేయాలని మనవి. నా వాదనకు ఆమె ఇచ్చిన గట్టి సమాధానం అక్కడే ఉంది. చివర్లో ఒక మంత్రబలం ఆ యువకుడిని వెనకనున్న కొలను వైపు లాగుతుంటుంది, కంట్రోలర్ మాత్రం ఇంకా మన చేతిలోనే ఉంటుంది. మెట్లను పట్టుకోవచ్చు, ఆ అమ్మాయి వైపు పరుగెత్తబోవచ్చు, ఎంతసేపైనా పెనుగులాడవచ్చు, కాని తప్పించుకోలేం. చేతికి పని ఇచ్చి, ఆ పనికి ఫలితం లేకుండా చేయడం ద్వారా గేము కూడా నిస్సహాయతను చూపగలదు. కూర్చుని చూసే నిస్సహాయత కన్నా ఇది పదునైనదని ఆమె అంటే కాదనడానికి నా దగ్గర సరైన మాట లేదు. వేరైనదని మాత్రం అంటాను.

2012 నాటి ‘జర్నీ’ గేమును మేమిద్దరం దాదాపు ఒకేలా ప్రేమిస్తాం. జెనోవా చెన్ బృందం చేసిన ఆ గేములో దారిలో ఎవరో అపరిచితుడు ఎదురవుతాడు. పేరు కనిపించదు, మాట్లాడటానికి వీలుండదు, ఒక చిన్న కూజితం లాంటి ధ్వని తప్ప పలకరింపు లేదు. ఒకరినొకరు తాకితే ఇద్దరి కండువాల్లోనూ శక్తి నిండుతుంది. వెంట నడిచినది ఎవరో ఆట పూర్తయ్యాకే పేరుతో తెలుస్తుంది. ఇక్కడ సమయం దర్శకుడిదీ కాదు, ఆడేవారిదీ కాదు, పక్కవారు ఆగితే మనం ఆగుతామా లేదా అన్న దాని మీద నడుస్తుంది.

సినిమాను ఒకటిన్నర రెట్ల వేగంతో చూడటం, పాటలు దాటవేయడం, మధ్యలో ఆపి ఫోను చూసుకోవడం మా ఇద్దరికీ గిట్టవు. సమయం తన చేతిలో ఉండాలని ఇంతగా వాదించే ఆమె ఈ విషయంలో నాకన్నా కఠినురాలు. కె.వి. రెడ్డి 1957లో తీసిన ‘మాయాబజార్’లో పడవ మీది వెన్నెల పాట వస్తున్నప్పుడు ఎవరైనా రిమోట్ అందుకుంటే ఆమె సహించదు. మూడు జంటలు ఒకే బాణీలో, ఒకే వెన్నెలలో సాగే ఆ పాటలో కథ అంగుళం కదలదు. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణంలోని ఆ వెన్నెలను ఉన్నంతసేపు ఉండనివ్వాలన్నదే ఆమె పట్టు. తన సిద్ధాంతానికి ఇది విరుద్ధం కాదా అని అడిగాను. మధ్యలో ఆపగలిగి కూడా ఆపకపోవడం తన నిర్ణయమే కదా అని ఆమె బదులు చెప్పింది.

ఈసారి మేము ఒకరి షరతుకు ఒకరం ఒప్పుకున్నాం. ‘పథేర్ పాంచాలి’కి కొనసాగింపుగా 1956లో వచ్చిన ‘అపరాజితో’ను ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆపకుండా చూడాలి. ఉయెదా 2001లో చేసిన తొలి గేము ‘ఇకో’ను నేను స్వయంగా ఆడాలి. ఒక అమ్మాయి చేయి పట్టుకుని కోట దాటించే ఆ గేములో, చేయి పట్టుకున్నంతసేపు బటన్ నొక్కి ఉంచాలట. దారి తెలియక నేను ఎంత తికమకపడినా ఆమె పక్కనే కూర్చుంటుంది గాని ఎటు వెళ్లాలో చెప్పదు. చెబితే ఆ సమయం తనదైపోతుందని, నాది కాకుండా పోతుందని ఆమె ముందే హెచ్చరించింది.